బందరుకోట పడిన రాత్రి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ పిల్లలు రోజూ దాటే పెద్ద రోడ్డు విజయవాడ మీదుగా బందరు చేరుతుంది. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న మూసారాంబాగ్‌కు ఆ పేరు, నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను బట్టి వచ్చిందంటారు. రేమండ్ మన దేశానికి రాకముందే హైదరాబాదు నవాబు సలాబత్ జంగ్‌కు ఫ్రెంచివారు అండగా ఉండేవారు. అందుకు ప్రతిఫలంగా ఆయన వారికి కోస్తా జిల్లాలు ఇచ్చాడు. ఆ జిల్లాలకు ప్రాణం బందరుకోట.

1756లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ పెద్ద యుద్ధం మొదలయింది. ఆ మంట తెలుగు తీరానికీ అంటుకున్నది. విజయనగరం రాజు ఆనంద గజపతి కోరగా, బెంగాలు నుంచి క్లైవు తన సేనాని ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి, బందరుకోటలో తలదాచుకున్నాడు.

అది సామాన్యమైన కోట కాదు. సముద్రానికి మైలున్నర దూరాన, ఉప్పు బురదనేల నడుమ ఉన్నది. చుట్టూ నీళ్ళ కందకం, పదకొండు బురుజులు. లోపల సుమారు 500 మంది ఫ్రెంచి సైనికులు, రెండువేలకు పైగా సిపాయిలు. 1759 మార్చిలో వచ్చి ముట్టడించిన ఫోర్డు వద్ద, రాజుగారి సేన గాక, అంతకన్న తక్కువమందే ఉన్నారు. పైగా జీతాలు లేక అతని సైనికులు తిరగబడ్డారు. బెజవాడ దాకా వచ్చిన సలాబత్ జంగ్ సేన వెనకనుంచి ముంచుకొస్తున్నది. చివరకు రెండురోజులకు సరిపడే మందుగుండే మిగిలింది. మరి కొద్దిరోజులు నిలిస్తే కోట దక్కేది!

ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, సముద్రపు ఆటు వేళ, కందకంలో నీరు తగ్గగానే మూడువైపులా కలకలం రేగింది. రాజుగారి సేన కోటవాకిలి ఎదుట కేకలు వేసింది. కొందరు సిపాయిలు ఎవరూ దాటలేరనుకున్న నైరుతి బురదలో దిగి తుపాకులు పేల్చారు. ఇవి రెండూ మాయదాడులే! అసలు దండు ఈశాన్యపు బురుజు ఎక్కింది. ఏ కబురు నిజమో తెలియక కాన్‌ఫ్లాన్స్ తన బలగాన్ని ఒకచోట కూడగట్టలేకపోయాడు. తెల్లవారేసరికి తనకంటె చిన్న సైన్యానికి లొంగిపోయాడు.

కొద్దిరోజులకే పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి ఓడలు సాయం తెచ్చాయి. కాని అప్పటికే కోటపై ఇంగ్లీషు జెండా ఎగురుతున్నది. మే నెలలో సలాబత్ జంగ్ బందరునూ దాని చుట్టుపక్కల సీమనూ ఇంగ్లీషువారికి రాసి ఇచ్చాడు. తెలుగునేలపై వారి దొరతనానికి అది గట్టి పునాది అయింది.

కాన్‌ఫ్లాన్స్‌కు గోడలు ఉన్నాయి, ఫిరంగులు ఉన్నాయి, మనుషులు ఉన్నారు. లేనిదల్లా, ఏ దిక్కున అపాయమో గుర్తించే నిదానం. కోటను కాచేది బురదా కాదు, బురుజూ కాదు. మెలకువగా ఉన్న మనిషి.