మాత్ర పనిచేస్తే జబ్బున్నట్టేనా?

మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఈ మధ్య ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. "పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలు నిలవలేకపోతున్నాను మాస్టారూ, నాకు ఏడీహెచ్‌డీ ఉందంటారా?" అని పి.జి. విద్యార్థులు అడుగుతారు. ఉద్యోగాల్లో చేరిన పూర్వ విద్యార్థులు ఫోన్లు చేసి అడుగుతారు. అమెరికాలో ఉన్నవాళ్ళయితే ఒక మెట్టు పైకెక్కి, "డాక్టరు రాసిచ్చాడండీ, వేసుకోమంటారా?" అంటారు. నేను వైద్యుణ్ణి కాను. వేసుకోమనడానికీ మానమనడానికీ నాకు అధికారం లేదు. కాని ఈ మాత్రల వెనకున్న కథ తెలుసుకోవడానికి ఎవరి అధికారమూ అక్కర్లేదు గదా! విద్యార్థి సంఘం వారు సావనీరుకు ఏదైనా రాయమంటే అదే రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. అవధానమనే మాట మనకు కొత్తది కాదు. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి లాగుతున్నా మనసు చెదరనివ్వని విద్యను వేదికనెక్కించిన భాష మనది. ఆ అవధానమే చిన్ననాటి నుంచి సరిగా కుదరనివాళ్ళు కొందరుంటారు. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తారు. తాళంచెవులు పారేసుకుంటారు. ఎదుటివాడు మాట్లాడుతుండగానే మనసెటో పోతుంది. వరుసలో నిలబడలేరు, నోరు జారతారు. "ఇవి ఎవరిలో లేవండీ?" అంటారా? అందరిలోనూ ఉన్నాయి. చిక్కంతా అక్కడే ఉంది. రక్తంలో చక్కెరను కొలిచినట్టు దీన్ని కొలిచి తేల్చే పరీక్ష ఏదీ లేదు. డాక్టరు అడగాలి, మనిషి చెప్పాలి, ఇంట్లోవాళ్ళు చెప్పాలి. అంటే డాక్టరు ఎంతసేపు కూర్చుని అడిగాడన్నదే ఇక్కడ పరీక్ష.

ఇలాంటి పిల్లలను గూర్చి జార్జ్ స్టిల్ అనే వైద్యుడు 1902లోనే లండనులో ఉపన్యాసాలిచ్చాడు. మందు మాత్రం అనుకోకుండా దొరికింది. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, మానసిక సమస్యలున్న పిల్లల ఆసుపత్రిలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరుండేవాడు. ఆ రోజుల్లో మెదడును ఎక్స్‌రే తీయాలంటే వెన్నులోంచి నీరు తీసేవారు. దాంతో పిల్లలకు భరించలేని తలనొప్పి వచ్చేది. తలనొప్పి తగ్గుతుందేమోనని ఆయన బెంజిడ్రిన్ ఇచ్చి చూశాడు. అది యాంఫెటమిన్ జాతి మందు. తలనొప్పికి పెద్దగా పనికిరాలేదు గాని, బళ్ళో పాఠాలు చెప్పే టీచర్లు "వీళ్ళకేమైంది, ఇంత బుద్ధిగా చదువుతున్నారు?" అన్నారట. 1937లో ఆయన 30 మంది పిల్లలకు వారం రోజులు ఇచ్చి చూసి ఫలితాలు ప్రకటించాడు. వారిలో 14 మంది చదువులో ఆశ్చర్యకరమైన మార్పు కనిపించింది. పిల్లలు వాటికి లెక్కల మాత్రలని పేరు పెట్టుకున్నారు.

తర్వాతి మందు పుట్టింది స్విట్జర్లాండులో. బాసెల్ నగరంలో సీబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియాండ్రో పానిజాన్ 1944లో మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్‌కు రక్తపోటు తక్కువ. టెన్నిస్ ఆడే ముందు ఆ మందు వేసుకుని హుషారుగా ఆడేదట. ఆమె ముద్దుపేరు రీటా. మందు పేరు రిటాలిన్ అయింది. ఆవిడకు అవధాన లోపం ఉందని ఎవరూ అనలేదన్న సంగతి గుర్తుంచుకోండి. దానితో మనకు పనుంది.

వీటిని వేసుకున్న పిల్లలు కుదురుగా కూర్చోవడం చూసి, మందు పనిచేసింది గనుక వీడికి జబ్బున్నట్టే అనే తర్కం చాలాకాలం సాగింది. జూడిత్ రాపొపోర్ట్ అనే మనోవైద్యురాలు 1978లో దాన్ని కాస్తా పడగొట్టింది. ఏ సమస్యా లేని 14 మంది మగపిల్లలకు డెక్స్‌ట్రో యాంఫెటమిన్ ఒక మోతాదు ఇచ్చి పరీక్షిస్తే వాళ్ళూ కుదురుగా కూర్చున్నారు, వాళ్ళ ఏకాగ్రతా పెరిగింది! 1980లో ప్రకటించిన పరిశోధనలో మామూలు యువకుల్లోనూ ఏకాగ్రత పెరిగినట్టు కనిపించింది. కాఫీ తాగితే నిద్ర తేలిపోయినంత మాత్రాన మనకు కాఫీ లోపమనే జబ్బు ఉన్నట్టు కాదు గదా. ఇంత చిన్న సంగతి తేలి ఇన్నేళ్ళయినా, "వేసుకుని చూడు, పనిచేస్తే నీకు ఉన్నట్టే" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

పెద్దవాళ్ళు ఈ కథలోకి ఆలస్యంగా వచ్చారు. వయసుతో పాటు ఇది పోతుందనే నమ్మకం ఉండేది. యూటా రాష్ట్రంలో పాల్ వెండర్ 1970ల్లో పెద్దవాళ్ళను పరీక్షించి, కొందరిలో పోదని చూపించాడు. అమెరికన్ మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం 1980లో ఆ సంగతి ఒప్పుకుంది. 2013 నాటి కూర్పు తలుపును ఇంకొంచెం తెరిచింది. లక్షణాలు 7 ఏళ్ళలోపు కనబడాలన్న నియమం 12 ఏళ్ళకు మారింది. 17 ఏళ్ళు దాటినవాళ్ళకు 6 లక్షణాలకు బదులు 5 చాలన్నారు. ఇది న్యాయమే. వెనక బెంచీలో నోరెత్తకుండా కలలు కంటూ కూర్చునే ఆడపిల్లలను అంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. కాని తెరిచిన తలుపులోంచి అర్హులే రారు గదా! 2023 లెక్క ప్రకారం అమెరికాలో 1 కోటి 55 లక్షల మంది పెద్దవాళ్ళకు, అంటే నూటికి 6 మందికి, ఈ నిర్ధారణ ఉంది. వారిలో దాదాపు సగం మందికి అది 18 ఏళ్ళు వచ్చాకే జరిగింది. న్యూజీలాండులో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను 38 ఏళ్ళ దాకా గమనించిన డనీడిన్ పరిశోధన 2015లో మరో విచిత్రం చెప్పింది. పెద్దయ్యాక లక్షణాలున్నవారిలో నూటికి 90 మందికి చిన్నప్పుడు ఈ జబ్బు లేదట! మరి వాళ్ళకున్నదేమిటి? నిద్రలేమి, దిగులు, ఆందోళన, థైరాయిడ్, తాగుడు వంటివన్నీ ఏకాగ్రతను ఇలాగే తినేస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా వడకట్టడానికి సమయం కావాలి.

ఆ సమయమే లేదు. 2023లో బి.బి.సి. విలేఖరి ఒకాయన బ్రిటనులో మూడు ప్రైవేటు క్లినిక్కులకు వీడియోలో చూపించుకున్నాడు. మూడూ జబ్బుందన్నాయి, మందూ రాశాయి. ప్రభుత్వ వైద్యవ్యవస్థలోని నిపుణుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు గంటలకు పైగా పరీక్షించి, లేదన్నాడు. అమెరికాలో ఆన్‌లైనులో ఈ మాత్రలు విచ్చలవిడిగా రాయించిందన్న ఆరోపణపై ఒక కంపెనీ అధిపతిని 2024 జూన్‌లో అరెస్టు చేశారు. అందరు డాక్టర్లూ దుర్మార్గులని నేననను. మనిషి రీల్స్ చూసి, ప్రశ్నపత్రం నింపి, నిర్ధారణ తానే చేసుకుని వస్తాడు. కాదని నచ్చజెప్పడానికి గంట పడుతుంది, చీటీ రాయడానికి నిమిషం చాలు. రెండింటికీ ఫీజు ఒకటే!

ఇంతా చెప్పి మందులు వద్దంటున్నానని అనుకోకండి. 2018లో 133 పరిశోధనలను కలిపి చూసిన లాన్సెట్ వ్యాసం ఇవి నిజంగా పనిచేస్తాయని తేల్చింది. అయితే ఆ రుజువు కొద్ది వారాల చికిత్సకు సంబంధించినది. నా పూర్వ విద్యార్థిని ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి, తనను తాను మొద్దుననీ బద్ధకస్తురాలిననీ ఇరవయ్యేళ్ళు తిట్టుకుంది. ఆమెను చూసిన డాక్టరు మొదటిసారి మందు రాయలేదు. వాళ్ళమ్మతో మాట్లాడాడు. పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నాడు. థైరాయిడ్ పరీక్ష చేయించాడు. నిద్ర, గుండె, రక్తపోటు చూశాడు. మూడోసారి రాశాడు. "సార్, బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం మొట్టమొదటిసారి చివరిదాకా చదివాను" అందామె. జబ్బు లేనివాళ్ళకు ఇష్టానుసారం పంచితే నష్టపోయేది ఇలాంటివాళ్ళే. అమెరికాలో 2022 నుంచి ఈ మందుల కొరత వచ్చింది. 2023లో వీటిని వాడుతున్నవారిలో నూటికి 70 మందికి పైగా చీటీ చేత పట్టుకుని మందు దొరక్క ఇబ్బంది పడ్డారు.

ఇక పరీక్షల ముందు ఎవరి దగ్గరో నాలుగు మాత్రలు సంపాదించుకుందామనుకునే మిత్రులకు ఒక మాట. 2023లో మెల్బోర్న్ శాస్త్రజ్ఞులు ఆరోగ్యంగా ఉన్న 40 మందికి ఈ జాతి మందులిచ్చి, సంచిలో ఏ వస్తువులు సర్దితే విలువ ఎక్కువవుతుందనే లెక్క చేయించారు. మందు వేసుకున్నప్పుడు ఎక్కువసేపు కష్టపడ్డారు గాని ఆ కష్టానికి తగ్గ ఫలితం రాలేదు, తెలివైన ఎత్తులు తగ్గాయి. పైగా ఆకలి చస్తుంది, నిద్ర పోతుంది, గుండె వేగం పెరుగుతుంది. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ రెండు ప్రతులుగా రాయాలి, ఒక ప్రతిని మందుల షాపువాడు రెండేళ్ళు దాచాలి. అది మత్తుపదార్థాల చట్టం కిందికి కూడా వస్తుంది కాబట్టి స్నేహితుడికి ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే.

నిజంగా అనుమానముంటే మనోవైద్యుడి దగ్గరికి వెళ్ళండి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న ప్రోగ్రెస్ కార్డులు అమ్మ ట్రంకుపెట్టెలో ఉంటాయి, పట్టుకెళ్ళండి. వీలైతే అమ్మను కూడా. వాటిని చూడకుండానే చీటీ రాయబోతే, "నా చిన్నతనం గురించి అడగలేదేమండీ?" అని మీరే అడగండి.