చెవి బాగానే ఉంది, మాటే అందడం లేదు

వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవులూ బాగున్నాయని రిపోర్టు వస్తుంది. అయినా వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే అమ్మ ఏం చెప్పిందో పిల్లవాడికి అర్థం కాదు. ‘గడి గీయి’ అంటే ‘గడ్డి’ అని వినిపిస్తుంది. మూడు పనులు వరసగా చెబితే ఒకటే గుర్తుంటుంది. పరధ్యానమని, నిర్లక్ష్యమని ఇలాంటి పిల్లలను మందలిస్తుంటాం. అది అన్యాయం.

చెవి పట్టిన శబ్దాన్ని విడదీసి మాటలుగా పోల్చుకోవడంలో మెదడుకు వచ్చే ఇబ్బంది ఇది. ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్, క్లుప్తంగా ఏపీడీ అంటారు. ‘గడి’కీ ‘గడ్డి’కీ ప్రధానమైన తేడా ‘డ’ దగ్గర నాలుక ఎంతసేపు ఆగిందన్నదే. సెకనులో చిన్న భాగమైన ఆ వ్యవధిని పసిగట్టలేకపోతే రెండు మాటలూ ఒక్కలాగే ఉంటాయి.

1961లో కెనడా శాస్త్రవేత్త డోరీన్ కిమురా రెండు చెవుల్లో ఒకేసారి వేర్వేరు అంకెలు వినిపించి చూశారు. ఎక్కువమంది కుడి చెవిలో పడినవే మెరుగ్గా చెప్పగలిగారు. చాలామందిలో భాషా కేంద్రాలు మెదడు ఎడమ సగంలో ఉంటాయి. కుడి చెవి మాట సూటిగా అక్కడికి చేరుతుంది. ఎడమ చెవి మాట ముందు కుడి సగానికి వెళ్లి, కార్పస్ కలోజమ్ అనే నాడీతంతువుల కట్ట మీదుగా దాటి రావాలి. ఆ కట్ట టీనేజిలోనూ ఎదుగుతూనే ఉంటుంది. కాబట్టి పద్నాలుగో ఏట లోపం బయటపడినా సమయం మించిపోయినట్టు కాదు.

డబ్బు పెట్టాల్సింది ముందుగా సరైన పరీక్ష మీద. గులిమి, మధ్య చెవిలో నీరు, ఏకాగ్రత లోపం, డిస్‌లెక్సియా కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం, 1965 నుంచి మైసూరులో ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ప్రభుత్వానివే. ప్రైవేటు క్లినిక్కుల కంటే ముందు వీటిని అడగాలి. పరీక్ష ఏ భాషలో చేస్తారో ఫోన్లోనే కనుక్కోండి. తెలుగు పిల్లవాడికి ఇంగ్లిష్ మాటలతో పరీక్ష పెడితే, భాష రాకపోవడం కూడా లోపంగానే లెక్కకొస్తుంది.

ఇంట్లో చదివే పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఆరేళ్లు దాటిన పిల్లలను ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పరీక్షిస్తాయి. బడికి వెళ్లనివాళ్లు వాళ్ల కంటపడరు. తల్లిదండ్రులే చొరవ తీసుకోవాలి.

ఇల్లే బడి కావడం మాత్రం పెద్ద వరం. తరగతి గదిలో టీచరు గొంతు చుట్టూ ఉన్న రొద కన్నా 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉండాలని నిపుణులు చెబుతారు. ఇంట్లో తలుపు వేసి, టీవీ కట్టేసి, కింద చాప పరిచి, ఎదురుగా కూర్చుని చెబితే పైసా ఖర్చు లేకుండా దాని దరిదాపుల్లోకి వస్తాం. ఆ తర్వాత సాధన. వినికిడి నిపుణుల (ఆడియాలజిస్టు) సలహాతో రోజూ పావుగంట చాలు. పెదవులు కనబడకుండా పక్కన కూర్చుని ‘పాట–బాట’, ‘కాలి–గాలి’ లాంటి జంటల్లో ఒకటి పలకండి, ఏది విన్నాడో రాయమనండి. పదింట ఎనిమిది తప్పు లేకుండా వస్తుంటే రేడియోలో వార్తలు సన్నగా పెట్టి మళ్లీ చెప్పండి. తప్పులు పెరిగితే రేడియో తగ్గించండి. మార్కులు ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టండి, ఆడియాలజిస్టుకు అదే పనికొస్తుంది. అవధానంలో అవధాని పృచ్ఛకులకు సమాధానాలు చెబుతూనే మధ్యమధ్యలో మోగే గంటలు లెక్కపెట్టే ఘంటాగణనాన్ని ఆటగా ఆడించినా బాగుంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో మాటలను అప్పటికప్పుడు అక్షరాల్లో చూపే ‘లైవ్ ట్రాన్‌స్క్రైబ్’ ఉచితం. ఆన్‌లైన్ పాఠాలకు క్యాప్షన్లు పెట్టుకోవచ్చు.

ప్రత్యేక సంగీతం వినిపిస్తే నయమవుతుందంటూ ఖరీదైన హెడ్‌ఫోన్ ప్యాకేజీలు అమ్ముతుంటారు. ఆడిటరీ ఇంటిగ్రేషన్ ట్రైనింగ్ అనే అలాంటి పద్ధతికి సరైన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా వాక్ శ్రవణ సంఘం 2004లోనే తేల్చింది. వాటికి డబ్బు పోయవద్దు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏపీడీ విడిగా లేదు, డిస్‌లెక్సియా మాత్రం ఉంది. పిల్లవాడికి చదవడంలోనూ ఇబ్బంది ఉంటే డిస్‌లెక్సియా పరీక్ష కూడా చేయించండి. అది ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే ఓపెన్ స్కూల్ పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. దరఖాస్తు పరీక్షలకు చాలా ముందే పెట్టండి.