పెరటి యీతతొట్టి – దాని వడపోత

వేసవి వచ్చినతోడనే పిల్లల మనస్సు నీటివైపు పరువెత్తును. పూర్వము చెరువులును, కాలువలును, దిగుడుబావులును వారికి ఈత నేర్పెడు బడులై యుండెను. పట్టణములలో నట్టి వసతి తక్కువ యగుటచే, నేల త్రవ్వనక్కఱ లేకుండ పెరటిలో నిలుపదగిన చిన్న యీతతొట్లు ఇప్పుడు మన యిండ్లకును వచ్చుచున్నవి. అమెరికా దేశమున నివసించు తెలుగు కుటుంబములకు ఇవి చిరపరిచితములు.

తొట్టిని కొని తెచ్చుట సులభము, నింపుట సులభము, నెల దినములు శుభ్రముగా నుంచుటయే కష్టము. మొదటి రెండు దినములు నీరు స్ఫటికమువలె నుండును. పిమ్మట మసకబారును. వారము తిరుగునప్పటికి గోడలు జిగటపట్టి పచ్చదనము తోచును. అప్పుడు కొందరు క్లోరిను మఱికొంత వేయుదురు; కొందరు నీరంతయు పాఱబోయుదురు. పది యడుగుల అడ్డకొలత గల గుండ్రని తొట్టిలో రెండడుగుల లోతు నీరున్నచో, అది సుమారు 4,400 లీటర్లగును. మండువేసవిలో నింత నీటిని మాటిమాటికి పాఱబోయుట యే యిల్లాలికిని మనసొప్పని పని. విచారించి చూడగా, దోషము తఱచు వడపోతయందే కనబడును. దానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

వడపోత మనకు క్రొత్త విద్య కాదు. ఇండుపగింజను అరగదీసి వఱదనీటిని తేర్చుటయు, బిందె మూతికి బట్ట కట్టి వడియగట్టుటయు మన పెద్దలెఱిగినవే. చిన్న తొట్టి వడపోతయు నా బట్టవంటిదే. విసనకఱ్ఱవలె మడతలు మడతలుగా నున్న పాలియెస్టరు పొరను గొట్టముగా జుట్టి ఒక డబ్బాలో నమర్చుదురు. దీనిని కార్ట్రిడ్జి యందురు. పంపు తొట్టిలోని నీటిని లాగి, ఈ మడతలగుండ పోనిచ్చి, తిరిగి తొట్టిలోనికి బంపును. మురికి మడతలలో నిలిచిపోవును. మురికి నిండినకొలది నీరు పోవుదారి యిఱుకై, తొట్టికి తిరిగి వచ్చు ధార సన్నగిల్లును. పంపు మ్రోగుచునే యుండును గాని, పని జరుగదు.

ఇచట నొక లెక్క తెలిసికొనుట మంచిది. గంటకు 1,200 లీటర్లు త్రిప్పెడు పంపు పైజెప్పిన తొట్టినీటిని నాలుగు గంటలలోపుగనే ఒకమారు త్రిప్పును. అంతమాత్రమున నీరంతయు వడగట్టబడినదనుకొనరాదు. వడపోసిన నీరు మరల మురికినీటిలోనే కలియును గదా! ఇట్లు కలియుటచే ఒక తిరుగుడులో నూటికి సుమారు 63 పాళ్లు, రెండింట 86 పాళ్లు, మూడింట 95 పాళ్లు నీరు మాత్రమే వడపోతగుండ పోవును. ఇది ధార సరిగా నున్నప్పటి లెక్క. మడతలు పూడి ధార సగమైనచో, కాలము రెట్టింపగును.

శుభ్రపఱచు విధము

మొట్టమొదట పంపు తీగను విద్యుత్తు నుండి ఊడదీయవలెను. మీట ఆపుట మాత్రము చాలదు. పంపు నీటిమట్టము కంటె క్రింద నుండును గనుక, గొట్టముల మీటలు మూయవలెను. మీటలు లేనిచో, తొట్టి గోడలోని రంధ్రములకు బిరడాలు బిగింపవలెను. ఇది మఱచినచో, డబ్బా మూత తీసినతోడనే తొట్టినీరు పెరటిపాలగును.

కార్ట్రిడ్జిని బయటకు దీసి, నీటిగొట్టముతో ఏటవాలుగా, పైనుండి క్రిందికి, ఒక్కొక్క మడతను విప్పుచు కడుగవలెను. ధార మితముగా నుండవలెను. గట్టి కుంచెతో రుద్దినను, మిక్కిలి వేగముగల యంత్రపు ధార పట్టినను పొర చినుగును, చినిగినది వడపోయదు. డబ్బా లోపలను కడిగి, మూతక్రింది రబ్బరు చుట్టును తుడిచి, అంతయు మరల నమర్చి, పైనున్న చిన్న మరను సడలించి లోపలి గాలిని పోనిచ్చిన పిదప పంపు నడుపవలెను. ఇదంతయు పది పదునైదు నిమిషముల పని. పిల్లలు దినదినము ఆడుకాలమున వారమునకు రెండుమారులు చేసిన చాలును. కార్ట్రిడ్జులు రెండుంచుకొని, ఒకటి యెండుచుండగా రెండవది వాడుట సుకరము. మడతలు వదులైనను, కడిగిన పిమ్మటను ధార సన్నముగానే యున్నను, క్రొత్తది వేయవలసినదే.

దుమ్ము నీటితో పోవును, నూనె పోదు. మన యిండ్లలో పిల్లల తలలకు పట్టించు కొబ్బరినూనెయు, ఒంటికి రాచు లేపనములును ఈ మడతలకు ప్రబల శత్రువులు. నూనె పట్టిన కార్ట్రిడ్జిని, ఫిల్టరు శుద్ధికై యమ్మెడు ద్రావణమున రాత్రియంతయు నాననిచ్చి, మిక్కిలిగా కడుగవలెను. బోరునీటి యుప్పు తెల్లని పెంకుగా గట్టినచో, నూనె పోయిన తరువాతనే, నీరు కలిపిన వినిగరులో నుంచవచ్చును. ముందు ఆమ్లము తగిలినచో జిడ్డు పొరలోనే గట్టిపడును. క్లోరిను మందును ఆమ్లముతో నెన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. రెండు విధములగు క్లోరిను మందులను ఒక పాత్రలో కలుపుటయు ప్రమాదకరమే. అవి మండి ప్రేలవచ్చును.

అన్నిటికంటె మేలైన యుపాయము మురికి లోనికి రానీయకుండుట. పిల్లలు సబ్బుతో స్నానము చేసి, తొట్టి ప్రక్కనుంచిన పళ్లెరపు నీటిలో కాళ్లు కడిగికొని దిగవలెను. వేపచెట్టు నీడ చల్లనిదే గాని, దాని పూతయు, ఆకులును ఒక్క దినముననే వడపోతను నింపివేయును.

ఇసుక వడపోత గలవారి పద్ధతి వేఱు. అందు నీటిని తలక్రిందుగా నడిపి, ఇసుకలోని మురికిని బయటకు వెడలగొట్టుదురు. ఒత్తిడి చూపు ముల్లు, శుభ్రముగా నున్ననాటి గుర్తుకంటె ఎనిమిది పది పౌనులు హెచ్చినప్పుడే యట్లు చేయవలెను. కొద్దిగా మురికి పట్టిన యిసుక సన్ననలుసులను మఱింత బాగుగా పట్టును గాన, దినదినము కడుగుట మేలుకాదు.

వడపోత చేయలేని పని

నీరు తేటగా నున్నది గావున నిర్దోషమని తలంచుటయే గొప్ప పొరపాటు. ఇట్టి కార్ట్రిడ్జులు కంటికి గనుపించు మురికిని, అంతకు సన్నని నలుసులను ఆపును గాని, సూక్ష్మజీవులను నమ్మకముగా నాపలేవు. వానిని చంపునది క్లోరిను. మురికి నిండిన నీటిలో వేసిన క్లోరిను ఆ మురికిమీదనే వ్యయమై, క్రిములకు మిగులదు. కాబట్టి వడపోతయు, క్లోరినును రెండు చేతులవంటివి. ఒకటి రెండవదాని పని చేయజాలదు.

అమెరికా దేశపు వ్యాధి నివారణ సంస్థ లీటరు నీటికి క్లోరిను 1 మిల్లీగ్రామునకు తక్కువ కాకుండ నుండవలెననియు, సైన్యూరిక్ ఆమ్లము గల బిళ్లలు వాడినచో 2 మిల్లీగ్రాములకు తగ్గరాదనియు, పి.హెచ్. 7.0 – 7.8 నడుమ నుండవలెననియు చెప్పుచున్నది. బజారులో దొరకు పరీక్షాపత్రమును ముంచి, రంగు చూచి దీనిని తెలిసికొనవచ్చును. దీనిని ఉపేక్షించిన ఫలమెట్టిదో 2021లో టెక్సాసు రాష్ట్రములోని ఆర్లింగ్టను నగరమున గనబడినది. అచటి యొక ప్రజావనములో, పిల్లలపై నీరు చిమ్మెడు క్రీడాస్థలమున నాడుకొనిన పసిబిడ్డ, మెదడును దినెడు అమీబా సోకి మరణించెను. క్లోరిను పరీక్షలు క్రమముగా జరుగలేదని విచారణలో తేలినది. కేరళమునను 2024, 2025 సంవత్సరములలో నిట్టి అమీబా జ్వరము పలువురకు సోకినది. వెచ్చని మంచినీటిలో పెరుగు నీ జీవి ముక్కుగుండ ప్రవేశించును. తగినంత క్లోరిను దీనిని సంహరించును.

క్రిప్టోస్పోరిడియము అను మఱియొక జీవి, క్లోరిను సరిగా నున్న నీటిలోను ఏడు దినములకు పైగా బ్రతుకగలదు. అతిసూక్ష్మ మగుటచే మన వడపోతను దాటిపోవును. దీనికి మందు తల్లి చేతనే యున్నది. విరేచనములగుచున్న బిడ్డను నీటిలో దింపరాదు. పంపు నాపి నీటిని నిలువయుంచినచో దోమలు గ్రుడ్లు పెట్టునను మాటయు మఱవరాదు.

పంపు నుంచు చోటు

పంపును, వడపోత డబ్బాను తొట్టి ప్రక్కనే మెట్టువలె నుంచరాదు. నడక నేర్చిన పసివాడు దానిపై నెక్కి తొట్టిలో పడవచ్చును. ఆట ముగియగనే నిచ్చెన తీసివేయవలెను. నీరు లాగెడు రంధ్రముపై జల్లెడమూత విఱిగినచో, దానిని మార్చువఱకు ఎవ్వరిని దింపరాదు. ఆడుపిల్లలు జడలను ముడివైచికొని దిగవలెను. పంపునకు విద్యుత్తు వచ్చు దారిలో, తీగ నీటికి తగిలినతోడనే ప్రవాహమును తెంచెడు రక్షకపు మీట యుండి తీరవలెను. మేడమీద తొట్టి నుంచదలచినవారు 4,400 లీటర్ల నీరు 4,400 కిలోల బరువని తలచి, ఇంజనీరు నడుగక నింపరాదు.

వడపోత కడుగుట గొప్ప విద్య కాదు. బియ్యము కడుగనేర్చిన చేతికి అది యెంతటి పని! క్రమము తప్పకుండుటయే కావలసినది. వారమున రెండు దినములను నిర్ణయించికొని, పెద్దపిల్లలకును ఆ పని నేర్పినచో, నీటి విలువయు, శుచియు, జాగ్రత్తయు వారికి ఆటతోబాటు అలవడును. తల్లులు క్లోరిను రంగును తామే చూచుకొని, పిల్లలు నీటిలో నున్నంతసేపును కన్ను మఱల్పక దగ్గఱ నుండవలెనని మా విన్నపము.