నకలు తీయని తర్కం

బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగిన మనిషి ఇక బాపట్లలో ఉండడు. ఇంత తేలిక సంగతి బడిలో నేర్పే తర్కానికి అందదు. ఒకప్పుడు పదో తరగతి గణితంలో ప్రవచనాలు, సత్యపట్టికలు ఉండేవి. ఆ లెక్కలో ‘తెనాలి అయితే రేపల్లె’ అన్నది ఒక అనుషంగికం, ‘తెనాలి అయితే గుంటూరు’ అన్నది ఇంకొకటి. ఈ రెండూ చేతిలో ఉండి ‘తెనాలి’ కూడా నిజమైతే, ‘రేపల్లె, గుంటూరు రెండూ’ అని తేల్చేయవచ్చు. పట్టికలో తప్పేమీ కనిపించదు. కానీ తెనాలి జంక్షన్‌లో నిలబడ్డ ఒక్క ప్రయాణికుడు వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లే రేపల్లె బండినీ గుంటూరు బండినీ ఒకేసారి ఎక్కలేడు. తర్కం ఎక్కడ జారింది? ‘తెనాలి’ అనే ప్రవచనాన్ని రెండుసార్లు వాడుకోవడంలో. మొదటి అనుషంగికానికి ఒకసారి ఇచ్చాం, రెండోదానికి మళ్లీ ఇచ్చాం. మధ్యలో చెప్పాపెట్టకుండా దానికి నకలు తీశాం.

ఆ నకలు తీయడాన్ని ఒక నియమంగా గుర్తించి, దాన్ని ఊరికే అనుమతించకుండా కట్టిన తర్కమే లీనియర్ లాజిక్. ఫ్రెంచి తార్కికుడు జాఁ ఈవ్ జిరార్ 1987లో ‘థియరెటికల్ కంప్యూటర్ సైన్స్’ పత్రికలో 102 పేజీల వ్యాసంగా దీన్ని వెలువరించారు. దీన్ని చాలామంది వనరుల తర్కమని పరిచయం చేసి, ఖర్చయ్యే వస్తువుల పద్దు రాసుకునే పనిముట్టుగా చూపించి వదిలేస్తారు. ఆ పరిచయం అబద్ధం కాదు, కానీ దానివల్ల అసలు విలువ మరుగున పడుతుంది. గణితానికి పునాదుల్లో అప్పటికి దాదాపు ఎనభై ఏళ్లుగా సాగుతున్న ఒక తగాదాకు మూలం ఎక్కడుందో చూపించడమే లీనియర్ లాజిక్ చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం. ఆ తగాదాలో పుట్టిన ఇంట్యూషనిస్టిక్ లాజిక్‌కు అది పోటీ కాదు. ఆ తర్కంలో ఒక్క ముక్కగా కనిపించే అనుషంగికాన్ని విప్పి, లోపల రెండు ముక్కలున్నాయని చూపించిన విశ్లేషణ అది.

తగాదా 1908లో మొదలైంది. ఏ ప్రవచనమైనా నిజమో కాదో ఏదో ఒకటై తీరాలన్న సూత్రాన్ని అనంత సమూహాల విషయంలో గుడ్డిగా నమ్మకూడదని డచ్చి గణితవేత్త బ్రౌవర్ ఆ ఏడాది రాశారు. ఆయన అభ్యంతరం ఎలాంటిదో ఒక ప్రసిద్ధ ఉదాహరణ చెబుతుంది. ఒక కరణీయ సంఖ్యను మరో కరణీయ సంఖ్య ఘాతానికి హెచ్చిస్తే అకరణీయ సంఖ్య రాగలదా? √2ను √2 ఘాతానికి హెచ్చించండి. వచ్చింది అకరణీయమైతే పని అయిపోయింది. కాకపోతే దాన్నే మళ్లీ √2 ఘాతానికి హెచ్చించండి, 2 వస్తుంది. ఎటు తిరిగినా సమాధానం ‘రాగలదు’ అనే. అయితే ఆ జంట ఏదో మాత్రం ఈ ఉపపత్తి చెప్పదు. మొదటి సంఖ్య కరణీయమేనని 1934లో గెల్ఫొండ్, ష్నైడర్ వేర్వేరుగా నిరూపించిన సిద్ధాంతం వల్ల తేలింది, అదీ వేరే దారిలో. ఉందని నిరూపించినవాడు ఏదో చూపించాలి, ‘ఇది లేదా అది’ అన్నవాడు రెండింట్లో ఏదో చెప్పగలగాలి అన్నది బ్రౌవర్ పక్షం పట్టుదల. ఆయన శిష్యుడు హేటింగ్ 1930లో దీనికి నియమాలు కూర్చారు. అదే ఇంట్యూషనిస్టిక్ తర్కం. అందులో ‘కాదు అనడం తప్పు’ అని నిరూపించినంత మాత్రాన ‘అవును’ అని నిరూపించినట్టు కాదు. మన కృష్ణాతీరానికి ఈ ఆలోచన బొత్తిగా కొత్త కాదు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకంతో ముడిపెట్టి చెప్పిన మాధ్యమిక ఆచార్యుడు భావవివేకుడు, ‘వస్తువు తన నుంచి తాను పుట్టదు’ అన్నంత మాత్రాన ‘ఇతరం నుంచి పుడుతుంది’ అని ఒప్పుకున్నట్టు కాదని వాదించాడు. అలాంటి నిషేధానికి ప్రసజ్య ప్రతిషేధమని పేరు. రెండూ ఒకటేనని చెప్పను. ఆయన గమ్యం వేరు, హేటింగ్ గమ్యం వేరు. ఒకదాన్ని కాదంటే రెండోదాన్ని ఒప్పుకున్నట్టేనన్న తొందర మీద అనుమానం మాత్రం ఇద్దరికీ ఉంది.

తగాదాను నమ్మకాల స్థాయి నుంచి నియమాల స్థాయికి దించినవారు జర్మన్ తార్కికుడు గెర్హార్డ్ గెంట్జెన్. 1935లో, పాతికేళ్ల వయసులో, ఉపపత్తులనే గణిత వస్తువులుగా తీసుకుని ఆయన ఒక కొత్త రాత పద్ధతి ఇచ్చారు. ప్రతి మెట్టులోనూ ఎడమవైపు మనం ఒప్పుకున్నవి, కుడివైపు తేలేవి. కుడివైపు ఎన్ని ఉన్నా, వాటిలో కనీసం ఒకటి నిజమని అర్థం. ‘మరియు’, ‘లేదా’, ‘అయితే’ లాంటి మాటలకు నియమాలు కాక, ఏ మాటతోనూ సంబంధం లేని నియమాలు మరికొన్ని ఉన్నాయి. రెండుసార్లు రాసినదాన్ని ఒకసారిగా కలిపేయడం ఒకటి, అక్కర్లేనిదాన్ని తెచ్చి చేర్చుకోవడం ఇంకొకటి. మొదటిది నకలుకు అనుమతి, రెండోది పారేయడానికి అనుమతి. వీటికి తోడు కోత నియమం ఉంది: బాపట్ల నుంచి తెనాలికి దారి, తెనాలి నుంచి రేపల్లెకు దారి ఉంటే బాపట్ల నుంచి రేపల్లెకు దారి ఉన్నట్టే. మధ్యలో వచ్చిపోయే తెనాలి గణితంలో ఉపసిద్ధాంతం లాంటిది. కోత వాడి సాధించిన ప్రతిదాన్నీ కోత లేకుండానూ సాధించవచ్చన్నది గెంట్జెన్ ముఖ్య సిద్ధాంతం. రైల్లో తెనాలి తప్పకపోయినా, 216వ జాతీయ రహదారి మీద బాపట్ల నుంచి రేపల్లెకు తెనాలి ప్రసక్తి లేకుండా చేరినట్టు. ఇక ఇంట్యూషనిస్టిక్ తర్కాన్ని మామూలు తర్కం నుంచి వేరు చేయడానికి గెంట్జెన్ పెట్టిన షరతు ఒక్కటే: కుడివైపు ఒకటి కంటే ఎక్కువ ప్రవచనాలు ఉండకూడదు. బ్రౌవర్ తత్వమంతా ఈ ఒక్క షరతులో ఇమిడిపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇది ఎందుకు పనిచేస్తుందో అడగాల్సిన ప్రశ్న.

జవాబు కోసం మామూలు తర్కంలో ‘అ లేదా అ-కాదు’ అన్నదాన్ని ఎలా సాధిస్తారో మెట్టుమెట్టుగా చూడాలి. ‘అ అయితే అ’ అన్నది మొదటి మెట్టు, ఎవరూ కాదనరు. ఎడమనున్న ‘అ’ను ‘కాదు’ చేర్చి కుడికి పంపితే, కుడివైపు ‘అ’, ‘అ-కాదు’ పక్కపక్కన నిలుస్తాయి. ఇప్పుడు ‘అ’ను ఆధారం చేసుకుని ‘అ లేదా అ-కాదు’ అని రాస్తాం, ‘అ-కాదు’ను ఆధారం చేసుకుని మళ్లీ అదే వాక్యం రాస్తాం. ఒకే వాక్యం రెండుసార్లు, రెండు వేర్వేరు కారణాలతో వచ్చింది. ఆఖరి మెట్టులో రెండూ ఒకే వాక్యం కదా అని కలిపేస్తాం. ఏది నిజమో చెప్పాల్సిన బాధ్యత సరిగ్గా ఆ కలపడంలో జారిపోయింది. అంతకు ముందు మెట్లలో ఏ దోషమూ లేదు. గెంట్జెన్ షరతు ఇక్కడ అడ్డుపడుతుంది, కుడివైపు ఒక్క చోటే ఉన్నప్పుడు రెండు నకళ్లు నిలబడవు, కలపడానికి ఏమీ ఉండదు. అంటే బ్రౌవర్‌కు కంటకమైన సూత్రం ఉపపత్తి స్థాయిలో నకలు నియమం మీద నిలబడి ఉంది. ఇంట్యూషనిస్టిక్ తర్కం ఆ నకలును కుడివైపు పూర్తిగా ఆపింది, ఎడమవైపు మాత్రం పూర్తిగా వదిలేసింది. తెనాలిలో మనం తీసిన నకలు ఎడమవైపుది, కాబట్టి ఆ ప్రయాణికుణ్ని ఇంట్యూషనిస్టిక్ తర్కమూ రెండు బండ్లు ఎక్కిస్తుంది.

జిరార్ ఎడమా కుడీ రెండు వైపులా నకలునూ పారేయడాన్నీ ఆపేశారు. ఆపగానే, అంతవరకు ఒకటిగా అతుక్కుని ఉన్నవి విడిపోయాయి. ‘మరియు’ రెండైంది. ఇద్దరు ప్రయాణికులుంటే ఒకరు రేపల్లెకు, ఒకరు గుంటూరుకు వెళ్లడం ఒక రకం. ఒక్కరే ఉండి ఏ బండి ఎక్కినా ఎక్కవచ్చు, ఎక్కేది మాత్రం ఒక్కటే అన్నది రెండో రకం. ‘లేదా’ కూడా రెండైంది. రెండింట్లో ఏదో ఒకదాన్ని నిరూపించి తీరాల్సిన ‘లేదా’ ఒకటి, బ్రౌవర్ కోరింది ఇదే. దీనితో ‘అ లేదా అ-కాదు’ సిద్ధించదు. రెండోది కుడివైపున పక్కపక్కన నిలబడ్డవాటిని అలాగే కలిపి పట్టుకునే ‘లేదా’. దీనితో సిద్ధిస్తుంది, ఎందుకంటే అది ‘అ అయితే అ’ అన్నదానికి మరో రూపమే. ఆశ్చర్యమేమిటంటే, ఇక్కడ ‘కాదు-కాదు’ అంటే మళ్లీ ‘అవును’ అవుతుంది, అయినా ఉపపత్తులు ఏదో చూపించే గుణాన్ని కోల్పోవు. ఇంట్యూషనిస్టులు నిషేధంలో సౌష్ఠవాన్ని వదులుకుని నిర్మాణాత్మకతను కొనుక్కున్నారు. ఆ ధర చెల్లించనక్కర్లేదని జిరార్ చూపించారు. దోషం నిషేధంలో లేదు, నకలులో ఉంది.

నకలు బొత్తిగా లేకపోతే గణితం నడవదు. పైథాగరస్ సిద్ధాంతాన్ని ఒకసారి వాడాక మళ్లీ వాడకూడదంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఎన్నిసార్లయినా వాడుకోదగ్గ ప్రవచనానికి ముందు జిరార్ ఒక ఆశ్చర్యార్థక గుర్తు పెట్టారు. ‘బాపట్ల నుంచి తెనాలికి బండి ఉంది’ అన్న టైంటేబుల్ వాక్యానికి ఆ గుర్తు ఉంటుంది, ఎందరు ప్రయాణికులైనా దాన్ని వాడుకోవచ్చు. ‘నేను బాపట్లలో ఉన్నాను’ అన్నదానికి ఉండదు. గుర్తు పెట్టడానికీ నియమముంది: వాడిన ఆధారాలన్నీ గుర్తున్నవైతేనే ఫలితానికి గుర్తు వస్తుంది. ఇప్పుడు ఇంట్యూషనిస్టిక్ ‘అ అయితే క’ అంటే ఏమిటో స్పష్టమవుతుంది. ‘గుర్తు పెట్టిన అ ఇస్తే, దాన్ని ఖర్చు చేసి క ఇస్తాను’ అని దాని అర్థం. నకలుకు అనుమతి ఒక ముక్క, ఖర్చుపెట్టే అనుషంగికం రెండో ముక్క. ఇలా తిరగరాస్తే, ఇంట్యూషనిస్టిక్ తర్కంలో సాధ్యమైనదే లీనియర్ లాజిక్‌లో సాధ్యమవుతుంది, అక్కడ సాధ్యం కానిది ఇక్కడా కాదు.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. సత్యం ఖర్చయ్యేది కాదు కదా, ఖర్చుల లెక్కను తర్కం అనడమెందుకు? ప్రయాణికుడి చిక్కు తీరాలంటే ‘పది గంటలకు తెనాలిలో’ అని ప్రవచనంలో సమయం చేరిస్తే చాలదా? ప్రయాణానికైతే అలా చేయవచ్చు. ప్రతి కదలికకూ మారినవేవో, మారనివేవో రాసుకుంటూ పోవాలి, అయినా చేయవచ్చు. కానీ ‘అ లేదా అ-కాదు’ ఉపపత్తిలో సమయమంటూ లేదు, ప్రయాణికుడూ లేడు. అక్కడ జరిగిన నకలుకు ఏ గడియారమూ సమాధానం కాదు. రైలు ఉదాహరణ కేవలం పరిచయానికి, వాదన బరువంతా ఆ ఉపపత్తి మీద ఉంది. పైగా సత్యమొక్కటే తర్కం పని అనుకుంటే, ఒకే సిద్ధాంతానికి రెండు ఉపపత్తులుంటే వాటి తేడా ఏమిటని అడిగే వీలే పోతుంది. గెంట్జెన్ తెరిచిన ప్రశ్న ఆ తేడా గురించే.

రెండో అభ్యంతరం: వీధి తలుపున గెంటేసిన నియమాలను ఆశ్చర్యార్థక గుర్తు పేరుతో దొడ్డితోవన తెచ్చుకుంటే ఒరిగిందేమిటి? నకలు ఎక్కడ తీశామో ఇప్పుడు ప్రవచనం మీదే కనిపించడం ఒరిగింది. దాని ఫలితం కొలవగలిగింది కూడా. గెంట్జెన్ పద్ధతిలో కోతలు తీసేస్తూ పోతే ఉపపత్తి ఊహకందనంత పెద్దదవుతుంది. లీనియర్ లాజిక్‌లో గుర్తు లేని, రెండు బండ్ల మధ్య ఎంపిక లాంటివీ లేని భాగంలో కోత తీసిన ప్రతిసారీ ఉపపత్తి చిన్నదవుతుంది. ఉబ్బడానికి కారణం నకలేనని దీనివల్ల తేలింది. ఉపపత్తిలో కోత తీయడమూ ప్రోగ్రాము నడవడమూ ఒకటే ప్రక్రియ అని 1969లో హోవర్డ్ రాసిన నోట్సు నుంచి స్పష్టంగా తెలుసు కాబట్టి, ఇది కంప్యూటర్ల సంగతి కూడా. బాపట్ల ఇంజినీరింగ్ కళాశాలలోనో వడ్లమూడి విజ్ఞాన్‌లోనో సి భాష నేర్చుకునే విద్యార్థి ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేసి తిప్పలు పడే ఉంటాడు. 2015లో 1.0గా వచ్చిన రస్ట్ భాషలో ఒక విలువను వేరొకరికి అప్పగించాక మళ్లీ వాడబోతే కంపైలరే ఆపుతుంది. అక్కడ పారేయడానికి అనుమతి ఉంది, నకలుకు మాత్రం విడిగా చెప్పుకోవాలి. ఫిలిప్ వాడ్లర్ 1990లో రాసిన లీనియర్ టైపుల వ్యాసం, ప్రోగ్రాములో మారే స్థితికి లీనియర్ లాజిక్‌తో అర్థం చెప్పడానికి ఉదయ్ రెడ్డి ఇలినాయ్‌లో 1990లలో చేసిన కృషి ఈ కోవలోవే.

ఇక నేను పూర్తిగా ఒప్పుకునే అభ్యంతరాలు రెండున్నాయి. ఇంట్యూషనిస్టిక్ ప్రవచన తర్కంలో ఒక వాక్యం సిద్ధిస్తుందో లేదో యాంత్రికంగా తేల్చవచ్చని గెంట్జెనే చూపించారు. లీనియర్ లాజిక్‌లో ఆ గుర్తు ఉన్నంతకాలం అలా తేల్చే పద్ధతి ఉండదని లింకన్, మిచెల్, షెద్రోవ్, నటరాజన్ శంకర్ 1992లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించారు. ఖర్చయ్యేవాటినీ ఖర్చుకానివాటినీ కలిపి రాయగలిగితే ఒక కంప్యూటర్ అడుగులన్నీ రాయవచ్చు, అది ఆగుతుందో లేదో ఎవరూ ముందే చెప్పలేరు. రెండోది ఇంకా సూక్ష్మమైనది. ‘మరియు’కు ఒకే నియమాలతో రెండు గుర్తులు పెడితే ఆ రెండూ సమానమని నిరూపించవచ్చు. ఆశ్చర్యార్థక గుర్తుకు అలా కాదు, అవే నియమాలున్న రెండు గుర్తులు సమానం కానక్కర్లేదు. అంటే నియమాలు ఆ గుర్తును పూర్తిగా పట్టి ఉంచవు, నకలుకు అనుమతి ఎంతన్నది ఇంకా మన చేతిలోనే ఉంది. జిరార్, షెద్రోవ్, ఫిలిప్ స్కాట్ దీన్నే దారిగా మలుచుకున్నారు. 1992లో వారు ఆ గుర్తు పక్కన ఎన్నిసార్లో ఒక హద్దు రాశారు. 1998లో జిరార్ హద్దు రాయనవసరం లేకుండా గుర్తు నియమాలనే బిగించి మరో తర్కం కట్టారు. ఈ రెండింట్లోనూ కోత తీయడానికి పట్టే సమయం ఇన్‌పుట్ పరిమాణానికి ఒక బహుపదిని దాటదు.