స్టీవ్ గ్లీసన్ చట్టం

మాట పడిపోయినవారికి బదులుగా పలికే యంత్రం స్పీచ్ జనరేటింగ్ డివైస్. చేతులు కదలకపోయినా తెరపై అక్షరాలను కంటిచూపుతో ఎంచుకుంటే చాలు, అది చదివి వినిపిస్తుంది. ఖరీదు వేల డాలర్లలో. అమెరికాలో 2001 నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దీనికి డబ్బిస్తోంది. స్పీచ్ థెరపిస్టు నివేదిక, డాక్టరు చీటీ తప్పనిసరి.

2014లో మెడికేర్ దీనికి అద్దె పద్ధతి తెచ్చింది. 13 నెలలు అద్దె కడితేనే యంత్రం రోగి సొంతం. ఈలోగా రోగి నర్సింగ్ హోంలో చేరితే చెల్లింపు బంద్. మాట ఎక్కువ అవసరమయ్యేది అక్కడే కదా! కండరాలను చచ్చుబడేసే నరాల వ్యాధి ఏఎల్‌ఎస్ బారినపడిన మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు స్టీవ్ గ్లీసన్ దీనిపై గళమెత్తారు, అదీ ఆ యంత్రంతోనే. 2015లో ఆయన పేరిట వచ్చిన చట్టం ఈ అద్దె మెలికను తీసేసింది. 2018లో దాన్ని శాశ్వతం చేశారు. అయినా ఖర్చులో 20 శాతం రోగి జేబులోంచో, అదనపు బీమా నుంచో రావాల్సిందే.