రెండు గంటలకొకసారి పక్క ఎందుకు మార్చాలి?

మీ బొటనవేలి గోరును మరో వేలితో గట్టిగా నొక్కి చూడండి. గోరు కింద తెల్లబడుతుంది. వదలగానే మళ్ళీ ఎర్రబడుతుంది. నొక్కినప్పుడు అక్కడి రక్తకేశనాళికలు మూసుకుపోయాయి. వదలగానే నెత్తురు తిరిగి వచ్చింది. యుద్ధంలో గాయపడి ఇల్లు చేరిన సైనికుల ప్రాణాలకూ, ఈ చిన్న ప్రయోగానికీ దగ్గరి సంబంధం ఉంది.

కేశనాళికలలో రక్తపీడనం చాలా తక్కువ. ధమని వైపు కొసలో కూడా సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసమట్టానికి సమానం, అంతే. గట్టి బల్లమీద కూర్చున్నప్పుడు మన పిరుదుల ఎముకల కింద చర్మంపై పడే పీడనం అంతకు ఎన్నో రెట్లు. మరి ఆ చర్మం ఎందుకు చెడిపోవడం లేదు? తరగతిలో మిమ్మల్ని మీరే గమనించుకోండి. మాస్టారు కోప్పడినా సరే, పావుగంట కదలకుండా కూర్చోలేరు. ఒత్తిడి పడిన చోటి నుంచి నాడులు మెదడుకు కబురు పంపుతాయి. మెదడు కదలమంటుంది. నిద్రలో కూడా ఇదే జరుగుతుంది.

వెన్నుపాము తెగిన సైనికుడి విషయంలో ఆ కబురు మెదడుకు చేరదు. కదలమన్నా కండరాలు వినవు. గంటల తరబడి ఒకేచోట ఒత్తిడి పడితే ఆక్సిజన్ అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి. పుండు పడుతుంది. దీన్నే పడకపుండు అంటారు. ఇది ఎముక దాకా పోగలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఎక్కువమందిని చివరకు బలిగొన్నవి ఈ పుండ్లూ, మూత్రకోశానికి సోకిన వ్యాధులూను. నాజీల బారినుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరిన నాడీవైద్యుడు లుడ్విగ్ గుట్మన్, 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఇటువంటివారి కోసం ప్రత్యేక విభాగం తెరిచాడు. రేయింబవళ్ళు రెండు గంటలకొకసారి రోగికి పక్క మార్చి తీరాలన్నాడు. అందుకు యంత్రాలు అక్కరలేదు, మనుషులు కావాలి.

ఆసుపత్రిలో నర్సులుంటారు. ఇంటికి వచ్చాక ఆ పని భార్యమీదో, తల్లిమీదో పడుతుంది. ప్రేమ ఉంటే చాలదా? చాలదు. తులాదండం పాఠం గుర్తు తెచ్చుకోండి. ఎత్తే బరువు 20 కిలోలనీ, అది నడుముకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకుందాం. వెన్ను కండరాలు లాగేది కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచే. కనుక అవి ఆరు రెట్లు, అంటే 120 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి! మనిషిని ఒంటికి దగ్గరగా తీసుకుని, మోకాళ్ళు వంచి, వీలైతే కింద దుప్పటి వేసి జరపడం నేర్చుకోనివారు కొన్నాళ్ళకు తామే నడుం పట్టుకుని మంచమెక్కుతారు. అప్పుడు ఆ ఇంట్లో రోగులు ఇద్దరు.

ఇలాంటి విషయాలు ఇంటివారికి నేర్పడానికి అమెరికాలో 2010 మే నెలలో ఒక చట్టం చేశారు. ఈ పథకంలో చేరే సంరక్షకులు శిక్షణ పూర్తి చేయాలి. శరీర సంరక్షణ, ఇంట్లో ప్రమాదాలు జరగకుండా చూడడం, సంరక్షకులు తమ ఆరోగ్యం కాపాడుకోవడం ఇందులో పాఠాలు. నెలనెలా కొంత భత్యం ఇస్తారు. ఏడాదికి కనీసం 30 రోజులు వారికి విశ్రాంతినిచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలలో బాంబు పేలుళ్ళకు మెదడు దెబ్బతిన్నవారు ఎందరో. అలాంటివారికి మతిమరుపు, ఉన్నట్టుండి కోపం వస్తాయి. ఆ కోపం గాయం లక్షణమనీ, ఆ క్షణంలో వాదించకుండా చప్పుడు తగ్గించి కాసేపు వదిలేయాలనీ తెలిస్తే ఇల్లు నిలబడుతుంది.

మొదట ఈ పథకం 2001 సెప్టెంబరు 11 నుంచి గాయపడినవారికే. వియత్నాం యుద్ధంలో గాయపడినవారి కుటుంబాలకు 2020 అక్టోబరులో గాని తలుపు తెరుచుకోలేదు. ఆ రెండు కాలాల నడుమ గాయపడినవారి వంతు 2022లో వచ్చింది. ఆ ఇల్లాళ్ళు అప్పటికే దశాబ్దాలుగా పక్కలు మారుస్తూనే ఉన్నారు. వారికి ఇంత ఆలస్యం చేయడం నాకు న్యాయంగా తోచదు.

మంచం పట్టినవారు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. మడమలు, తుంటి, నడుం కింది భాగం రోజూ చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైందన్నమాట. మనవంటి చామనచాయ చర్మంమీద ఎరుపు సరిగా కనబడదు కనుక, పక్కచోటికంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని తడిమి చూడాలి. ఉంటే ఆ పక్కకు పడుకోబెట్టకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. అక్కడ నూనె రాసి మర్దన మాత్రం చేయకండి. లోపల దెబ్బతిన్న కణాలు మరింత చితికిపోతాయి.