విదేశాలకు పంపే పార్సిల్‌లో పవర్ బ్యాంక్ పెడుతున్నారా? ముందు ఇది చదవండి

చీపురుపల్లిలో కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర అయిన తర్వాతి వారం, డబ్లిన్‌లో చదువుకుంటున్న మా చెల్లికి పార్సిల్ కట్టాం. అమ్మ పెట్టినవి ఆవకాయ, జంతికలు, పూజ కోసం ఒక కర్పూరం డబ్బా, రెండు కురిడీ కొబ్బరికాయలు. నేను పెట్టినవి నా దగ్గర ఖాళీగా పడి ఉన్న ఫోన్, ఇంకా సీల్ తీయని 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. కొరియర్ కౌంటర్‌లో కుర్రాడు "లోపల ఏటున్నాయి సార్?" అని అడిగాడు. చెప్పాను. "పవర్ బ్యాంక్ అని రాస్తే పైన తీసుకోరు, గిఫ్ట్ ఐటమ్స్ అని రాసెయ్యండి, ఏటవదు" అన్నాడు. రాసేశాను.

పన్నెండు రోజులకి పార్సిల్ వెనక్కి వచ్చింది. ఎక్స్‌రేలో దొరికిపోయిందట. డిక్లేర్ చేయని ప్రమాదకర వస్తువు ఉందని చీటీ అంటించి పంపారు. కట్టిన డబ్బులు పోయాయి, రిటర్న్ ఛార్జీ అదనం. ఆ కోపంలో కూర్చుని రూల్స్ చదివాక తెలిసిందేంటంటే, తప్పు నాదే. పైగా ఆ డబ్బాలో ప్రమాదకర వస్తువు పవర్ బ్యాంక్ ఒక్కటే కాదు, అమ్మ పెట్టిన వాటిలో కూడా రెండు ఉన్నాయి! వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఇంత చిన్న వస్తువుతో ఏమవుతుంది?

లిథియం అయాన్ సెల్ లోపల రెండు ఎలక్ట్రోడ్‌లు ఉంటాయి. వాటి మధ్య సెపరేటర్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర, చుట్టూ మండే గుణం ఉన్న ఎలక్ట్రోలైట్ ద్రవం. దెబ్బ తగిలో, తయారీ లోపం వల్లో ఆ పొర చిరిగితే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ వేడికి రసాయన చర్య మొదలవుతుంది, ఆ చర్య ఇంకా వేడి పుట్టిస్తుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్ వేడెక్కి అదీ అంటుకుంటుంది. విమానాల కార్గో భాగంలో మంటలు ఆర్పడానికి వాడే హాలాన్ గ్యాస్ పైకి కనిపించే మంటని అదుపు చేయగలదు గానీ, సెల్ లోపల జరిగే ఈ చర్యని ఆపలేదు. అసలు సమస్య అదే.

2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ కార్గో విమానం, బోయింగ్ 747, గాల్లో ఉండగానే మంటల్లో చిక్కుకుంది. వెనక్కి తిరిగి ల్యాండ్ చేద్దామని ప్రయత్నించారు, కాక్‌పిట్ నిండా పొగ. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. మంట మొదలైన చోట ఉన్న సరుకులో లిథియం బ్యాటరీలు ఉన్నాయని యూఏఈ దర్యాప్తు తేల్చింది. ఆ విమానంలోని కొన్ని బ్యాటరీ సరుకుల్ని ప్రమాదకర సరుకుగా డిక్లేర్ చేయలేదని కూడా అదే రిపోర్టులో ఉంది. అది చదివాక నేను రాసిన "గిఫ్ట్ ఐటమ్స్" గుర్తొచ్చింది.

ఫోన్ వెళ్తుంది, పవర్ బ్యాంక్ వెళ్లదు. ఎందుకు?

రెండింట్లోనూ ఉన్నది అదే బ్యాటరీ కదా అంటారు. రూల్స్ లెక్క వేరు. విడిగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీకి యూఎన్ 3480 అనే నంబర్. పరికరం లోపల ఉన్నా, పరికరంతో కలిపి ప్యాక్ చేసినా యూఎన్ 3481. ఫోన్, ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్ ఈ రెండో రకం. పవర్ బ్యాంక్ చూడ్డానికి గ్యాడ్జెట్‌లా ఉన్నా దాని పనే వేరేవాటికి కరెంట్ ఇవ్వడం కాబట్టి, దాన్ని విడి బ్యాటరీగానే లెక్కేస్తారు, అంటే 3480. లిథియం పాలిమర్ అని రాసి ఉన్నా తేడా ఏమీ లేదు.

2016 ఏప్రిల్ 1 నుంచి 3480 రకాన్ని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆపేసింది. కార్గో విమానంలో వేయాలన్నా ఛార్జింగ్ 30 శాతం మించకూడదు. దాంతోపాటు యూఎన్ 38.3 అనే టెస్టులు పాసై ఉండాలి, లేబుల్స్ ఉండాలి. కంపెనీలు ఇవన్నీ చేసి పంపుతాయి. మనలాంటి వాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి చేయగలిగే పని కాదు.

ఫోన్ పంపొచ్చు. కానీ స్విచాఫ్ చేసి, బటన్ నొక్కుకుపోయి ఆన్ అవకుండా ప్యాక్ చేసి, పేపర్ మీద ఫోన్ అనే రాసి, లోపల ఉన్న బ్యాటరీ గురించి ముందే చెప్పాలి. బ్యాటరీ ఉన్న వస్తువుల్ని అసలు తీసుకోని కొరియర్లు కూడా ఉన్నాయి, కాబట్టి డబ్బులు కట్టకముందే అడగండి. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ మాత్రం ఎవరు ఒప్పుకున్నా పంపకండి. పాడైన బ్యాటరీకి విమానంలో చోటే లేదు. 2016లో గెలాక్సీ నోట్ 7 రీకాల్ గుర్తుంది కదా, వాటిని వెనక్కి తెప్పించుకోడానికి శాంసంగ్ వేడిని తట్టుకునే ప్రత్యేకమైన పెట్టెలు, చేతి తొడుగులు పంపాల్సి వచ్చింది.

మరి చేత్తో పట్టుకెళ్తే?

ఇది ఓకే. ఎవరైనా వెళ్తుంటే వాళ్ల క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టి పంపండి, చెక్ ఇన్ లగేజీలో మాత్రం వద్దు. పార్సిల్‌లో వద్దన్నది మనిషితో ఎలా ఒప్పుకుంటారంటే, క్యాబిన్‌లో పొగ వస్తే పక్కనున్నవాళ్లకి వెంటనే తెలుస్తుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. కింద కార్గోలో అయితే అలా చేతికందదు.

లిమిట్ 100 వాట్ అవర్స్. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అది దాటితే కుదరదు. లెక్క చాలా ఈజీ: ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 10000 అయితే 37, 20000 అయితే 74, 27000 అయితే 99.9. ఇప్పుడు అర్థమైందా, 27000 దగ్గర ఆగిపోయే మోడల్స్ ఎందుకు ఉన్నాయో! 30000 అయితే 111, అంటే అనుమతి అడగాల్సిందే. అవుట్‌పుట్ 5 వోల్టులు కదా అని 5తో గుణించేసి చాలామంది కంగారు పడతారు. లోపలి సెల్ వోల్టేజే లెక్క. ఇంకొకటి, ఈ అంకెలు పవర్ బ్యాంక్ మీద చదవగలిగేలా ఉండాలి. చెరిగిపోతే సెక్యూరిటీ వాళ్లు పక్కన పెట్టించే అవకాశం ఉంది.

ఈ మధ్య రూల్స్ ఇంకా బిగిశాయి. 2025 జనవరిలో కొరియాలోని గిమ్హే ఎయిర్‌పోర్టులో టేకాఫ్‌కి ముందు ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయింది, అదృష్టం కొద్దీ అందరూ బయటపడ్డారు. అనుమానం పవర్ బ్యాంక్ మీదే. ఆ మార్చి నుంచి కొరియా ఎయిర్‌లైన్స్‌లో పవర్ బ్యాంక్‌ని తల మీది లగేజీ అరల్లో పెట్టనివ్వట్లేదు. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఒక్కటే, అదీ 100 వాట్ అవర్స్ లోపుదే ఒప్పుకుంటోంది, విమానంలో వాడనివ్వదు. మన ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు, దుబాయ్‌లో విమానం మారేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

కర్పూరం, కొబ్బరి సంగతి

కర్పూరం మండే ఘన పదార్థాల లిస్టులో ఉంది. ఎండు కొబ్బరి, అంటే కోప్రా, తనంతట తానే వేడెక్కి అంటుకోగల సరుకుల కింద వస్తుంది, దానికి యూఎన్ 1363 అని నంబర్ కూడా ఉంది. అందులోని నూనె గాలి తగిలి నెమ్మదిగా వేడి పుట్టిస్తుంది, గుట్టగా పోస్తే ఆ వేడి బయటికి పోదు. ఉద్దానం కొబ్బరి తిని పెరిగినవాళ్లం, రెండు కాయలకి ఇంత కథా అని అమ్మ నమ్మలేదు. సెంటు, నెయిల్ పాలిష్, స్ప్రే డబ్బాలు, అగ్గిపెట్టెలు కూడా ప్రమాదకర సరుకులే. దీపావళికి కాకరపువ్వొత్తులు పంపుదామనుకునేవాళ్లకి చెప్పక్కర్లేదనుకుంటాను.

రెండోసారి కట్టిన డబ్బాలో ఆవకాయ, జంతికలు, స్విచాఫ్ చేసిన ఫోన్ మాత్రమే పెట్టాం. పేపర్ మీద "మొబైల్ ఫోన్ 1, లోపల లిథియం అయాన్ బ్యాటరీ" అని రాశాను. ఈసారి వేరే కొరియర్, రేటు కాస్త ఎక్కువ, కానీ చేరింది. పవర్ బ్యాంక్ చెల్లి అక్కడే కొనుక్కుంది. నేను కొన్నది చీపురుపల్లిలో కరెంట్ పోయినప్పుడు వైఫై రౌటర్‌కి పనికొస్తోంది.